ఐదు ఆదివారాలు, ఒకే తీరం: విశాఖపట్నంలో ఒక కుటుంబపు వేసవి సెలవుల కేస్ స్టడీ

విశాఖపట్నంలో పిల్లల ప్రవర్తన, కుటుంబ సలహాల రంగంలో నేను పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏటా మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన దగ్గర నుంచి నా గదికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు, అంటే ఏడు వారాల పాటు, పిల్లలను ఇంట్లో ఎలా నిలపాలన్నదే వారి బెంగ. గత వేసవిలో నేను చూసిన ఒక కుటుంబం ఈ ప్రశ్న విషయంలో నా పాత అలవాటునే మార్చింది. తల్లిదండ్రుల అనుమతితో ఆ వివరాలను ఇక్కడ రాస్తున్నాను. గోప్యత కోసం పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలను మార్చాను.

కుటుంబం చినవాల్తేరులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటుంది. తండ్రి గాజువాక వైపు ఒక కర్మాగారంలో మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. తల్లి ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగి. ఆమెకు ఆదివారం ఒక్కటే సెలవు. బాబుకు పదేళ్ళు, పాపకు ఆరేళ్ళు. తండ్రి తల్లి, అంటే పిల్లల నాన్నమ్మ, వారితోనే ఉంటారు. ఆమె విజయనగరం జిల్లాలోని ఒక పల్లె నుంచి మూడేళ్ళ క్రితం నగరానికి వచ్చారు. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కి దిగడం కష్టం కాబట్టి లిఫ్టు పనిచేస్తేనే ఇల్లు కదులుతారు.

తల్లి మొదటి సమావేశంలో చెప్పిన మాటను నా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. "అందరూ సెలవులని సంబరపడతారు మేడమ్, నాకు మాత్రం ఆ ఏడు వారాలు తలచుకుంటేనే గుండె దడ." బాబు చేతిలోంచి ఫోను తీసుకుంటే వస్తువులు విసురుతున్నాడు. పాప అన్నను చూసి అదే నేర్చుకుంటోంది. తల్లి కార్యాలయానికి, తండ్రి షిఫ్టుకు వెళ్ళాక ఇద్దరినీ నిలపడం నాన్నమ్మ వల్ల కావడం లేదు. వేసవి శిబిరాల్లో చేర్పిద్దామంటే తీసుకువెళ్ళి తీసుకువచ్చే మనిషి లేరు. బాబు బడిలో బాగానే చదువుతాడు, స్నేహితులున్నారు, నిద్ర ఫరవాలేదు. వైద్యపరంగా అనుమానించవలసిన లక్షణాలేవీ నాకు కనబడలేదు. కాబట్టి సమస్యను పిల్లవాడిలో కాక ఆ ఇంటి రోజులో వెతకాలని నిర్ణయించుకున్నాను.

మొదటి ప్రణాళిక, అది ఎందుకు చెడింది

నేను అప్పటివరకు అన్ని కుటుంబాలకూ చేసినట్టే వీరికీ ఒక పట్టిక వేశాను. ఏడు ఆదివారాలకు ఏడు ప్రదేశాలు: జంతు ప్రదర్శనశాల, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, తొట్లకొండ, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, బొర్రా గుహలు. ఒక్కో చోటా పిల్లలు చూడవలసిన విషయాలు కూడా రాసి ఇచ్చాను. తల్లి దానిని ఫ్రిజ్ మీద అంటించారు. విశాఖలో పుట్టి పెరిగిన నాకు మా ఊరిలో చూడదగ్గవి చెప్పడం సరదా కూడా కాబట్టి, ఆ పట్టిక వేస్తున్నప్పుడు నాకు ఎటువంటి అనుమానమూ రాలేదు.

మొదటి ఆదివారం తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి, మూడు గంటలు పడుకుని లేచిన తరువాత అందరూ బయలుదేరారు. జంతు ప్రదర్శనశాలకు చేరేసరికి పదకొండు దాటింది. 1977లో మొదలైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 625 ఎకరాల్లో, కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది. ఉదయాన్నే వెళ్ళిన వారికి అది ఎంతో మంచి చోటు, కానీ నడివేసవి మిట్టమధ్యాహ్నం పులి అయినా ఎలుగుబంటి అయినా నీడ వెతుక్కుని పడుకుంటుంది. పిల్లలకు కనబడినవి చాలావరకు వీపులూ తోకలూ మాత్రమే. గంట గడిచేసరికి పాపకు తలనొప్పి, తరువాత ఒక వాంతి. నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఓఆర్ఎస్ తాగించి ఇంటికి తీసుకువచ్చారు. సాయంత్రానికి పాప కోలుకుంది.

ఇది నా పొరపాటు. విశాఖ ఎండను డిగ్రీల్లో కొలిచి తేలికగా తీసుకోవడం ఇక్కడ చాలామంది చేసే పనే. విజయవాడలో 43 డిగ్రీలున్న రోజున ఇక్కడ 35 దాటకపోవచ్చు. అయితే సముద్రపు తేమ వల్ల ఒంటిమీది చెమట ఆరదు; చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చిన్నపిల్లలకు బరువుతో పోల్చితే చర్మపు వైశాల్యం ఎక్కువ కాబట్టి బయటి వేడి వారికి త్వరగా తగులుతుంది. ఆరేళ్ళ వయసు పిల్లలు ఆటలో పడి, దాహం వేసినా నీళ్ళు అడగడం మరిచిపోవచ్చు. ఇవన్నీ తెలిసి ఉండి కూడా తండ్రి షిఫ్టు వేళలను అడగకుండా పట్టిక వేశాను.

రెండో ఆదివారం సాయంత్రం కురుసుర చూశారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఆర్.కె. బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్లకు పైమాటే. లోపలికి వెళ్ళాక బాబు మొదటిసారి ఫోను సంగతి మరిచి, అన్ని పదుల మంది ఎక్కడ పడుకునేవారు, గాలి ఎక్కడి నుంచి వచ్చేది, వంట ఎక్కడ చేసేవారు అని వరుసగా అడిగాడట. కానీ వెనుక నుంచి వరుస నెట్టుకొస్తోంది. ఒక ప్రశ్నకు జవాబు వినేలోగా తరువాతి గుండ్రటి తలుపు దాటవలసి వచ్చింది. అరగంటలో బయటపడ్డారు. ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తిన్నారు. తిన్న వెంటనే బాబు తల్లితో, "అయిపోయింది కదమ్మా, ఇంక ఫోనివ్వు" అన్నాడు.

తల్లి ఈ మాట నాకు చెప్పినప్పుడు ఫిర్యాదుగా చెప్పారు. నాకు మాత్రం అది నా పట్టిక మీద పిల్లవాడు ఇచ్చిన తీర్పుగా వినబడింది. ఏడు చోట్లను ఏడు గడుల్లో పెట్టి ఇచ్చినప్పుడు ప్రతి చోటూ "అయిపోయే" వస్తువుగా మారుతుంది. ఫోనులో ఒక వీడియో అయిపోతే మరొకటి వచ్చినట్టే ఒక ఆదివారం అయిపోతే మరొక ఆదివారం వస్తుంది. నేను ఫోనుకు విరుగుడు అనుకుని ఇచ్చినది కూడా ఫోను నడిచే తీరులోనే ఉంది.

అదే సమావేశంలో తల్లి మరో చిన్న సంగతి చెప్పారు. ఇంటికి వెళ్ళేముందు బాబు ఇసుకలో ఒక పీత కన్నం దగ్గర పావుగంట సేపు కదలకుండా కూర్చున్నాడు. పీత బయటకు వచ్చి ఇసుకను ఉండలుగా చుట్టి పక్కకు తోస్తోంది. ఎన్ని ఉండలు అవుతాయో లెక్కపెడుతూ, రమ్మని పిలిస్తే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అన్నాడు. ఫోను తీసుకునేటప్పుడు ఆమె రోజూ వినే మాట కూడా అదేనని ఆమె అన్నారు. ఫ్రిజ్ మీది పట్టికను తీసివేయమని ఆ రోజే చెప్పాను.

రెండో ప్రణాళిక

మిగిలిన ఐదు ఆదివారాలూ ఒకే చోటికి వెళ్ళాలన్నది కొత్త ఏర్పాటు. జోడుగుళ్ళపాలెం నుంచి తెన్నేటి పార్కు వైపు సాగే తీరంలో ఇసుకను చీల్చుకుని వచ్చిన నల్లటి రాళ్ళ గుంపులున్నాయి. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే చోట ఖోండలైట్ రాయి ఇలా బయటకు పొడుచుకు వస్తుంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి, వాటిలో బతికే జీవుల సంఖ్య చూసి పెద్దవాళ్ళు కూడా ఆశ్చర్యపోతారు. ఇంటి నుంచి ఆటోలో పావుగంట దూరం. ప్రవేశ రుసుము లేదు. మే నెలలో విశాఖలో సూర్యుడు ఐదు ఇరవై ప్రాంతంలోనే ఉదయిస్తాడు కాబట్టి, ఐదున్నరకు బయలుదేరి ఏడున్నరకల్లా తిరిగి రావాలని నియమం పెట్టుకున్నాం. తండ్రికి రాత్రి షిఫ్టు లేని వారాల్లో ఆయన వస్తారు. ఉంటే తల్లి ఒక్కరే తీసుకువెళ్ళి, బాబును, పాపను ఇసుక మీదనే ఉంచుతారు. రాళ్ళ మీద ప్రతి పిల్లవాడికీ ఒక పెద్ద మనిషి ఉండి తీరాలన్నది నేను పట్టుబట్టిన షరతు.

నీళ్ళలో దిగకూడదు. ఇది మన తీరం గురించి తెలిసిన ఎవరైనా చెప్పే మాట. పైకి ప్రశాంతంగా కనబడే చోట కూడా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఈ నగరంలో ప్రతి వేసవిలోనూ వాటికి ప్రాణాలు పోతున్నాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదని, పాచి పట్టిన రాయి మీద అడుగు వేయకూడదని, ప్రాణమున్న దేనినీ ఇంటికి తేకూడదని, తిప్పి చూసిన రాయిని మళ్ళీ అదే తీరుగా పెట్టాలని పిల్లలతోనే ఒక కాగితం మీద రాయించాం. వెనుక పట్టీ ఉన్న పాత ప్లాస్టిక్ చెప్పులు, నూలు టోపీలు, ఇంట్లో కాచిన చోడి అంబలి ఒక సీసాలో. అంతకు మించి ఏర్పాట్లు లేవు.

మొదటి తీరపు ఆదివారం తండ్రి కోరిక మీద నేను కూడా వెళ్ళాను. నీరు బాగా వెనక్కి పోయి ఉంది. పరాతమంత వెడల్పున్న ఒక మడుగు పక్కన పాప ఉంది. అందులో ఒక చిన్న నత్తగుల్ల కదిలింది. పాప దానిని తీసుకోబోతే వాళ్ళ నాన్న చేయి పట్టుకుని ఆపి, కాసేపు చూద్దామన్నారు. గుల్ల అంచు నుంచి ముందు రెండు మీసాలు, తరువాత ఒక ఎర్రటి కాలు, ఆ తరువాత ఇంకో కాలు వచ్చాయి. అది నత్త కాదు, సన్యాసి పీత; చచ్చిన నత్త వదిలివెళ్ళిన గుల్లలో కాపురముంటుంది, ఒళ్ళు పెరిగినప్పుడు పెద్ద గుల్ల వెతుక్కుని మారిపోతుంది అని నేను చెప్పాను. పాప చాలాసేపు ఆలోచించి, "అయితే ఖాళీ గుల్ల కూడా మనం తీసుకెళ్ళకూడదు కదా, దీనికి ఇల్లు కావాలి కదా" అంది. నా కాగితంలో ప్రాణమున్న వాటిని తేకూడదని మాత్రమే ఉంది. ఆరేళ్ళ పాప దానిని సరిదిద్దింది, తల్లి ఇంటికి వెళ్ళాక ఆ వాక్యాన్ని చేర్చారు.

కొంచెం అవతల, రాతి పక్కన జిగురు ముద్దలా ముడుచుకుని ఉన్న సీ అనిమోన్‌ను, అంటే రాతిని పట్టుకుని బతికే ఒక మెత్తటి సముద్ర జీవిని, బాబు చూశాడు. నీటిలో మునిగి ఉన్నవి చేమంతి పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. నీరు తగ్గి గాలి తగిలినవి ముద్దగా ముడుచుకున్నాయి. పాప దానికి "నిద్రపోయే పువ్వు" అని పేరు పెట్టింది. ఆ రాయికి చిలుక ముక్కు లాంటి అంచు ఉంది. వచ్చే వారం కూడా ఇదే రాయి దగ్గరకు వచ్చి నిద్రపోయే పువ్వు అక్కడే ఉందో లేదో చూడాలని పిల్లలే నిర్ణయించుకున్నారు. ఏడున్నరకు వెళదామంటే గొడవ జరగలేదు. చూడవలసినది ఇంకా మిగిలే ఉంది కాబట్టి జరగలేదని నా అభిప్రాయం.

పోటు మీద ఉన్న సముద్రం

రెండో తీరపు ఆదివారం నాకు ఫోను వచ్చింది. తల్లి గొంతులో నిరాశ ఉంది. రాళ్ళే లేవని, అంతా నీరేనని, బాబు ఏడుపు ముఖం పెట్టాడని, తిరిగి వచ్చేయమంటారా అని అడిగారు. నేను చేసిన రెండో పొరపాటు అది. ఆటుపోట్ల వేళ చూడకుండా ప్రతి ఆదివారం ఒకే సమయం పెట్టాను. నేను జవాబు చెప్పేలోగా అక్కడే వారికి సరైన గురువు దొరికాడు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్ల మీద చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ ఏర్పాటు. బడి సెలవులు దాదాపు పూర్తిగా ఈ నిషేధపు రోజుల్లోనే వస్తాయి. అందువల్ల మామూలు రోజుల్లో సముద్రంలో ఉండవలసిన మనుషులు వేసవిలో ఒడ్డున, పడవల నీడన, వలలు బాగుచేసుకుంటూ కనబడతారు. అలా కూర్చున్న ఒక పెద్దాయన బాబు ముఖం చూసి, "ఇప్పుడొచ్చి రాళ్ళేటి సూత్తావు బాబూ, సంద్రం పోటు మీదుంది కదా. మజ్జానం దాటితే గానీ నీరు లాగదు" అన్నాడట. పోయిన వారం ఇదే వేళకు వచ్చాం తాతా, అప్పుడు నీరు లేదు కదా అని బాబు అడిగాడు. రోజుకు ముప్పావు గంట, గంట చొప్పున వేళ ఆలస్యమవుతుందని, అమావాస్యకూ పున్నానికీ నీరు బాగా పెరిగి బాగా లాగుతుందని, అష్టమికి అంత కదలదని ఆయన వల కుడుతూనే చెప్పాడు.

బాబు ఇంటికి వచ్చి తండ్రితో కలిసి లెక్క వేశాడు. చంద్రుడు మన ఊరి మీదికి మళ్ళీ రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కాబట్టి పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. ఏడు రోజులకు 350 నిమిషాలు, అంటే ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. ఒక పోటుకూ దాని తరువాతి పాటుకూ (నీరు తగ్గే వేళకూ) మధ్య ఉండే వ్యవధి కూడా ఆరు గంటల పైచిలుకే. కనుక ఒక ఆదివారం ఉదయం పాటు ఉంటే మరుసటి ఆదివారం అదే వేళకు పోటు ఉంటుంది, ఆ పై ఆదివారం మళ్ళీ పాటు వస్తుంది. ఈ లెక్క తేలినప్పుడు బాబు వంటింట్లోకి పరిగెత్తి నాన్నమ్మకు చెప్పాడట. ఆమెకు తిథులు నోటికి వచ్చు. ఫలానా ఆదివారం ఏ తిథి అని బాబు అడగడం, ఆమె పంచాంగం తీయకుండానే చెప్పడం, బాబు దానిని తన పుస్తకంలో రాసుకోవడం అప్పటి నుంచి మొదలైంది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో నాన్నమ్మను ఎవరూ ఏదీ అడగలేదని, తనకు తెలిసిన దానితో పని పడటం ఇదే మొదలని ఆమె తరువాత నాతో అన్నారు. ఈ కేసులో నన్ను అన్నిటికన్నా కదిలించిన మాట అదే.

ఆటుపోట్ల పట్టిక కోసం తండ్రీ కొడుకులు ఫోనునే వాడారు. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్, మన తీరానికి అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు ఇస్తుంది. శనివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని అవి చూసి, మర్నాడు రాళ్ళ దగ్గరకు వెళ్ళవచ్చా, ఇసుక మీదనే ఉండాలా అని తేల్చేవారు. తల్లి మొదట దీనికి అభ్యంతరపడ్డారు. ఫోను మానిపించమంటే మీరు ఫోను ఇప్పిస్తున్నారేమిటని అడిగారు. ఫోను ఒక పనికి తీసి, పని కాగానే పక్కన పెట్టడం కూడా పిల్లవాడు నేర్చుకోవలసిన విషయమేనని నేను చెప్పాను. ఆ అలవాటు ఈ ఐదు వారాల్లో శనివారాలకే పరిమితమైందని కూడా ఒప్పుకోవాలి.

పోటు ఉన్న ఆదివారాల్లో పడవలూ వలలూ పాఠమయ్యాయి. ఏ వలకు ఎంత కన్ను ఉంటుందో, చిన్న కన్ను వల వేస్తే పిల్లచేపలు కూడా ఎందుకు చిక్కుకుంటాయో, ఈ 61 రోజులు ఆగకపోతే ఏమవుతుందో పెద్దాయన మాటల్లోనే పిల్లలకు తెలిసింది. చినిగిన కన్నును ఎలా ముడివేయాలో ఆయన బాబు చేతికి సూది ఇచ్చి చూపించాడు. మొదటి ముడి జారిపోయింది. నాలుగో ఆదివారానికి బాబు వరుసగా పదకొండు కన్నులు కుట్టాడు. తల్లి ఆయనకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మరుసటిసారి నాన్నమ్మ చేసిన మాగాయ ఒక సీసా తీసుకువెళ్ళి ఇచ్చారు.

మూడో తీరపు ఆదివారం ఒక ప్రమాదం జరిగింది. ఆ వారం బాబు లెక్క ప్రకారమే నీరు తగ్గింది. ఉత్సాహంలో పరిగెత్తి, చిలుక ముక్కు రాయి దగ్గర పాచి మీద జారి పడ్డాడు. రాతికి అంటుకుని ఉండే బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవుల అంచులు బ్లేడులా ఉంటాయి. మోకాలి కింద రెండు అంగుళాల గీత పడి రక్తం వచ్చింది. తండ్రి తాగే నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళారు. టీకాల పుస్తకం చూస్తే ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా పదేళ్ళకు వేయించవలసిన టీడీ ఇంజెక్షన్ ఇంకా పడలేదు. ఆ రోజే వేశారు. ఈ వయసు పిల్లలతో ఏ ఆరుబయటి కార్యక్రమం మొదలుపెట్టినా ముందుగా టీకాల పుస్తకం అడగాలన్నది అప్పటి నుంచి నా పద్ధతి. బాబు మరుసటి వారం రానంటాడని తల్లి భయపడ్డారు కానీ, కట్టు విప్పకముందే వెళ్ళడానికి సిద్ధమయ్యాడు.

మధ్యాహ్నాలు

ఆదివారం ఉదయం రెండు గంటలతో వారం గడవదు. మిగిలిన రోజుల్లో, ముఖ్యంగా ఉక్కపోత తారాస్థాయిలో ఉండే మధ్యాహ్నం వేళల్లో ఏం చేయాలన్నదే అసలు చిక్కు. ఇక్కడ కూడా రోజుకొక కొత్త ఆట అన్న ఆలోచన మానేసి, రోజూ కొంచెం కొంచెం పెరిగే ఒక్క పనిని నాన్నమ్మ చేతికి అప్పగించాం. ఆమె ఎంచుకున్నది మామిడి తాండ్ర.

పీచు ఉన్న నాటు మామిడిపండ్లను పిల్లలే పిసికి, రసం వడకట్టి, బెల్లం కలిపారు. తొమ్మిది గంటలలోపు మేడ మీద నులక మంచం పైన తాటాకు చాప పరిచి, దాని మీద మొదటి పొర పలచగా పూసేవారు. మేడ మీదికి లిఫ్టు ఉంది కాబట్టి నాన్నమ్మకు కూడా వీలైంది. చీమలు ఎక్కకుండా మంచం నాలుగు కోళ్ళనూ నీళ్ళ పళ్ళేల్లో పెట్టడం పాప పని. ఆ నీళ్ళు ఇంకిపోయాయేమో సాయంత్రం చూడడం కూడా ఆమెదే. నాలుగు గంటలకు ఎండ తగ్గాక వేలితో తాకి, అంటుకోకపోతే ఆరినట్టు. మర్నాడు దాని మీద మరో పొర. పూసే పని బాబుది. పొర ఎక్కడ మందమైతే అక్కడ ఆరదని రెండో రోజే అతనికి తెలిసింది, మూడో రోజుకు అరచేయి అంచుతో సమంగా జరపడం వచ్చింది. మన తీరపు తేమ గాలిలో ఒక్కో పొర ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టింది. తొమ్మిదో పొర రోజున మధ్యాహ్నం ఈదురుగాలి లేచి వాన పడింది. పిల్లలు వామనగుంటల ఆటలో మునిగి ఉండి చూసుకోలేదు. పై పొర పూర్తిగా కరిగిపోయింది. ఎవరూ తిట్టలేదు. నాన్నమ్మ చాకుతో మెల్లగా పై పొర తీసి, మర్నాడు మళ్ళీ పూయమన్నారు. ఆ రోజు నుంచి మబ్బు పట్టిందా అని పిల్లలు గంటకోసారి కిటికీలోంచి చూసేవారు. తాండ్ర పదహారు పొరలకు చేరింది. చాకుతో కోసినప్పుడు వానకు కరిగిన చోట ఉన్న సన్నటి ముదురు గీతను పాప అందరికీ చూపించింది.

వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం మధ్యాహ్నపు మిగతా వేళకు సరిపోయాయి. వామనగుంటల్లో పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటిగా పంచుతూ, ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడంలో పాప అన్నను త్వరలోనే దాటిపోయింది. సాయంత్రం పరుగులాటల విషయంలో మాత్రం విఫలమయ్యాం. అయిదు నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అపార్ట్‌మెంటు సెల్లారులో ఏడుపెంకులాట మొదలుపెడితే మూడో రోజు బంతి ఒక కారు అద్దానికి తగిలి, ఆట ఆగిపోయింది. దగ్గరలోని పార్కుకు తీసుకువెళ్ళే మనిషి వారంలో మూడు సాయంత్రాలే దొరికారు. ఈ లోటును నేను పూడ్చలేకపోయాను.

ఫలితాలు

తల్లి ఒక నోటు పుస్తకంలో రోజూ రాసిన దానిని బట్టి, సెలవుల మొదటి వారంలో బాబు ఫోనుతో గడిపిన సమయం రోజుకు అయిదు గంటలకు దగ్గరగా ఉంది. ఆరో వారానికి రెండు గంటలకు తగ్గింది. ఫోను తీసుకున్నప్పుడు వస్తువులు విసరడం నాలుగో వారం తరువాత జరగలేదు. ఒక్క కుటుంబంలో ఏడు వారాల పాటు జరిగిన మార్పు కనుక దీని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టను. నాన్నమ్మ ఇంట్లోనే ఉండడం, తీరం దగ్గరగా ఉండడం, తల్లి ఓపిక, ఆ పడవ నీడలోని పెద్దాయన: ఇవన్నీ అన్ని ఇళ్ళకూ ఉండవు. సముద్రం దగ్గర లేనివారికి చెరువు గట్టు ఉండవచ్చు, ఒక చెట్టు ఉండవచ్చు. నేను ఈ మధ్య పెందుర్తి వైపు ఒక కుటుంబానికి రోడ్డు పక్కనున్న ఒకే ఒక్క మర్రిచెట్టుతో ఇదే పని మొదలుపెట్టాను.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే, ఒకే చోటికి వెళ్ళడం వల్ల వారికి కలిగిన తెరిపి నేను ముందుగా ఊహించనిది. ఎక్కడికి, ఎలా, ఎంత ఖర్చు, ఏం తినాలి అన్న ప్రశ్నలు రెండో వారం నుంచి లేవు. ఆటో డబ్బులు తప్ప ఖర్చు లేదు. తయారీ తగ్గేసరికి, వెళ్ళిన చోట పిల్లల పక్కన కూర్చునే ఓపిక మిగిలింది. మొదటి రెండు ఆదివారాలలో తండ్రి తీసిన ఫొటోలు వందకు పైగా ఉన్నాయి, చివరి మూడింటిలో ఆరు. రాళ్ళ దగ్గర ఫోను జేబులోంచి తీయడం గుర్తుకు రాలేదని ఆయన అన్నారు.

జూలై చివరలో మళ్ళీ కలిశాను. బడి మొదలయ్యాక ఫోను సమయం కొంత పెరిగింది, పరీక్షల ముందు రోజుల్లో మళ్ళీ గొడవలూ వచ్చాయి. తీరానికి వెళ్ళడం రెండు వారాలకు ఒకసారిగా నిలబడింది; ఏ ఆదివారం అన్నది బాబు పుస్తకం చూసి చెబుతాడు. నిషేధం ముగిసి పెద్దాయన వేటకు వెళుతున్నాడు కాబట్టి పడవ తిరిగి వచ్చే వేళకు ఒడ్డున ఉండాలని తండ్రీ కొడుకులు ఒక శనివారం ప్రయత్నించారు, అలలు ఎక్కువగా ఉండి కుదరలేదు. వానాకాలపు అలలకు చిలుక ముక్కు రాయి చుట్టూ ఇసుక కోసుకుపోయి, కింద కొత్త మడుగొకటి బయటపడిందట. అందులో నిద్రపోయే పువ్వులు నాలుగున్నాయని పాప నాకు వేళ్ళు చూపించి చెప్పింది. ఎర్రమట్టి దిబ్బలు, బొర్రా గుహలు వారు ఇంకా చూడలేదు. తరువాతి సమావేశం దసరా సెలవులకు ముందు పెట్టుకున్నాం.